లిస్టులో ఉన్న ఫోన్‌కి నెట్ రాలేదు, లేని ట్యాబ్‌కి వచ్చింది: రెండు రౌటర్ల బ్రిడ్జ్‌లో మ్యాక్ ఫిల్టర్‌తో నా నాలుగు రాత్రులు

ద్వారకా తిరుమలలో శనివారం అంటే ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లారకముందే భీమడోలు వైపు నుంచి బస్సులు, ఆటోలు వరస కడతాయి. చిన్న తిరుపతి కదా, జనం ఆ లెవెల్లోనే ఉంటారు. కొండ కింద మా మావయ్యకి ఒక షాపు ఉంది. పూజ సామాన్లు, ఫోటో ఫ్రేములు, పిల్లల బొమ్మలు. వైశాఖంలో కల్యాణోత్సవాలు వచ్చేలోపు షాపులో కెమెరాలు, కంప్యూటర్ బిల్లింగ్ పెట్టాలని ఆయన పట్టుదల.

నెట్ మాత్రం ఇంటికే ఉంది. ఇల్లు షాపుకి ఎదురు వరసలో, మధ్యలో రోడ్డు. రోడ్డు మీదుగా కేబుల్ లాగడం కుదరదు. కాబట్టి ఇంట్లో ఒక రౌటర్, షాపులో ఒక రౌటర్, రెండిటి మధ్య వైర్‌లెస్ బ్రిడ్జ్. ఇంతవరకు సింపుల్. అసలు తలనొప్పి మావయ్య పెట్టిన కండిషన్.

"ఒరేయ్, షాపులో కుర్రాళ్లుంటారు. ఫోన్‌పే తిరక్కపోతే కస్టమర్లు కూడా వైఫై అడుగుతారు. పాస్‌వర్డ్ ఎప్పుడోకప్పుడు బయటికి పోద్ది. ఇంట్లో కంప్యూటర్లో లెక్కలన్నీ ఉన్నాయి. నాలుగంటే నాలుగు వస్తువులే ఇంటి నెట్‌లోకి రావాలి. ఇంకోటి, శనివారం బిల్లింగ్ ఆగిందంటే నీ సంగతి చెప్తా."

నాలుగు వస్తువులు అంటే బిల్లింగ్ కంప్యూటర్, బిల్ ప్రింటర్, కెమెరా రికార్డర్, మావయ్య ఫోన్. నేను వెంటనే "మ్యాక్ ఫిల్టర్ పెట్టేస్తే సరి మావయ్యా, అరగంట పని" అనేశాను. బీటెక్ చదివినవాళ్లకి ఉండే ధైర్యం అది. ఆ అరగంట నాలుగు రాత్రులైంది.

ఒక్క మంచి పని చేశాను. నేరుగా షాపులో పెట్టకుండా మేడ మీద గదిలో ప్రాక్టీస్ ల్యాబ్ కట్టాను. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన పాత రౌటర్లు రెండు, ఒక ల్యాప్‌టాప్, ఒక ట్యాబ్, షాపుకి కొన్న ప్రింటర్, రికార్డర్. నెట్ వచ్చేదాన్ని ఇంటి రౌటర్ అందాం, రెండోదాన్ని షాపు రౌటర్ అందాం. ట్యాబ్ దొంగ పాత్ర. అది లిస్టులో ఉండదు, దానికి దారి దొరక్కూడదు.

మొదటి రాత్రి: అందరూ లోపలికి, లేదా అందరూ బయటికి

ఇంటి రౌటర్ వైఫై సెట్టింగ్స్‌లో మ్యాక్ ఫిల్టర్ ఆన్ చేసి, నాలుగు అడ్రస్‌లు రాసి, "వీటిని మాత్రమే అనుమతించు" అని పెట్టాను. సేవ్ కొట్టగానే బ్రిడ్జ్ మొత్తం పడిపోయింది. బిల్లింగ్ కంప్యూటర్‌కి కూడా నెట్ లేదు.

కారణం కాసేపటికి వెలిగింది. ఇంటి రౌటర్ వైఫైకి కనెక్ట్ అవుతున్నది కంప్యూటరూ కాదు, ప్రింటరూ కాదు. షాపు రౌటర్ రేడియో. ఆ రేడియోకి సొంత మ్యాక్ ఉంది, అది లిస్టులో లేదు. సరే, దాన్ని ఐదోదిగా కలిపాను. అందరికీ నెట్ వచ్చింది. ట్యాబ్‌కి కూడా వచ్చేసింది! వైఫై పేజీలో ఉండే మ్యాక్ ఫిల్టర్ కనెక్ట్ అవ్వడానికి వచ్చిన రేడియోని మాత్రమే ఆపి పేరు అడుగుతుంది. ఆ రేడియో వెనకాల ఎంతమంది వస్తున్నారో దానికి అనవసరం. ఆటో డ్రైవర్ లైసెన్స్ చూసి ఆటోలో ఉన్న పది మందినీ వదిలేసినట్టు.

అప్పుడు ఇంటి రౌటర్‌లో ఏఆర్‌పీ టేబుల్ చూశాను. అక్కడ ఇంకో వింత. షాపు వైపు ఉన్న ఐపీలు వేరువేరుగా ఉన్నాయి, కానీ అన్నిటికీ ఒకటే మ్యాక్, చివర 62. అంటే షాపు రౌటర్ రేడియోదే. ప్రింటర్ మ్యాక్ చివర 47 ఉండాలి, ఎక్కడా లేదు.

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్దాం, ఎందుకంటే మొత్తం కథకి మూలం ఇదే. మామూలుగా ఒక ఫోన్ రౌటర్‌కి పంపే వైఫై ఫ్రేమ్‌లో మూడు అడ్రస్‌లు ఉంటాయి: అందుకునే యాక్సెస్ పాయింట్‌ది, పంపే రేడియోది, చివరికి చేరాల్సిన చోటుది. పంపే రేడియో, అసలు పంపినవాడు ఒకళ్లే అన్న నమ్మకం మీద ఇది నడుస్తుంది. ఫోన్ విషయంలో అది నిజమే. కానీ షాపు రౌటర్ తన వెనకాల ఉన్న ప్రింటర్ తరఫున పంపితే? ప్రింటర్ అడ్రస్ రాయడానికి ఫ్రేమ్‌లో చోటే లేదు. అందుకే చాలా రౌటర్లలో "రిపీటర్", "క్లయింట్ బ్రిడ్జ్" అని రాసి ఉన్నా, లోపల అవి వెనకాల ఉన్న అందరికీ తమ మ్యాక్‌నే తొడిగి పంపుతాయి. బయటికి బ్రిడ్జ్ లాగే కనిపిస్తుంది, కానీ నిజమైన బ్రిడ్జ్ కాదు.

దీనికి మందు నాలుగు అడ్రస్‌ల ఫ్రేమ్. సెట్టింగ్స్‌లో డబ్ల్యూడీఎస్ అనే పేరుతో ఉంటుంది. రెండు వైపులా ఆన్ చేయాలి, ఒక వైపు చేస్తే లింక్ కుదరదు. చేశాక ఇంటి రౌటర్ బ్రిడ్జ్ టేబుల్‌లో 47 కనిపించింది. 10, 83 కూడా. ట్యాబ్ 91 కూడా దర్జాగా కూర్చుంది. కనీసం ఇప్పుడు ఎవరు ఎవరో తెలుస్తోంది.

(మీరు కొనే రౌటర్లు వేరువేరు కంపెనీలవైతే డబ్ల్యూడీఎస్ ఒకదానితో ఒకటి కలవకపోవచ్చు. బ్రిడ్జ్ కోసమే కొంటుంటే ఒకే రకం రెండు తీసుకోండి. లేదా రెండిట్లో ఒకే ఫర్మ్‌వేర్ వేయండి.)

రెండో రాత్రి: సగం మూసిన తలుపు

ఇప్పుడు ఫిల్టర్‌ని వైఫై పేజీలో కాకుండా ఫైర్‌వాల్‌లో రాయాలి. నాకు చేతికి వచ్చిన టూల్ ఐపీటేబుల్స్. నా రౌటర్లలో పాత వెర్షన్ ఉంది. 2022లో వచ్చిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 22.03 నుంచి దీని చోట ఎన్‌ఎఫ్‌టేబుల్స్ వచ్చింది, కానీ లాజిక్ అదే. ఫార్వర్డ్ చెయిన్‌లో నాలుగు మ్యాక్‌లకి అనుమతి, మిగతావి డ్రాప్.

ట్యాబ్‌లో బ్రౌజర్ తెరిచా. నెట్ లేదు. కంప్యూటర్‌లో తెరిచా. ఉంది. అయిపోయిందనుకుని కిందకి వెళ్లి పెరుగన్నం తిని వచ్చాను. పడుకునే ముందు ఎందుకో డౌట్ వచ్చి, ట్యాబ్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి ఇంటి కంప్యూటర్ షేర్డ్ ఫోల్డర్ కొట్టాను. తెరుచుకుంది. మావయ్య లెక్కల పుస్తకం కళ్ల ముందు.

ఇంటర్నెట్ ఒక్కటే టెస్ట్ చేసి ఉంటే ఇది షాపులోకి వెళ్లిపోయేది. ఆయన దేని గురించి భయపడ్డాడో అదే తెరిచి ఉండేది.

తేడా ఎక్కడంటే, ట్యాబ్ నుంచి ఇంటర్నెట్‌కి వెళ్లే ప్యాకెట్‌ని ఇంటి రౌటర్ "రూట్" చేస్తుంది. అది ఐపీ లెవెల్ పని, ఐపీటేబుల్స్ చూస్తుంది. ట్యాబ్ నుంచి ఇంటి కంప్యూటర్‌కి వెళ్లేదాన్ని రౌటర్ రూట్ చేయదు, "బ్రిడ్జ్" చేస్తుంది. ఒక పోర్టులో వచ్చిన ఫ్రేమ్‌ని ఇంకో పోర్టులో వదులుతుంది, అంతే. మామూలుగా లైనక్స్‌లో ఈ దారి ఐపీటేబుల్స్ గుమ్మం ముందు నుంచి పోదు. బ్రిడ్జ్ ప్యాకెట్లని కూడా ఐపీటేబుల్స్‌కి చూపించే కెర్నల్ మాడ్యూల్ ఒకటి ఉంది, కానీ అది లేనప్పుడు రూల్ కౌంటర్ చూస్తే సున్నా. నేను ముందే చూడాల్సింది ఆ సున్నానే.

సర్టిఫికేషన్ కోసం సిస్కో ల్యాబ్‌లు చేసే ఫ్రెండ్స్‌కి ఇది తెలిసిన తలనొప్పే. అక్కడ మ్యాక్ యాక్సెస్ లిస్ట్‌లు 700 నుంచి 799 నంబర్లలో ఉంటాయి, వాటిని బ్రిడ్జ్ గ్రూప్‌కి తగిలిస్తాం. లిస్ట్ కరెక్ట్‌గానే రాస్తాం, పింగ్ మాత్రం ఆగదు. ఐపీ రౌటింగ్ ఆన్‌లో ఉండి ఐపీ ప్యాకెట్లు రౌటింగ్ దారిలో పోతుంటే, బ్రిడ్జ్ మీద కూర్చున్న లిస్ట్‌కి అవి కనపడవు. రివర్స్‌లో ఇంకో బోల్తా: ఒక్క మ్యాక్‌ని ఆపుదామని ఒక్క లైన్ రాస్తాం, మొత్తం ఆగిపోతుంది. లిస్ట్ చివర కనపడని "అందరినీ ఆపు" ఒకటి ఉంటుంది కదా.

సరే, బ్రిడ్జ్ దారికి వేరే టూల్ ఉంది, ఈబీటేబుల్స్. పాత రూల్స్ తీసేసి, ఈబీటేబుల్స్ ఫార్వర్డ్ చెయిన్‌లో అవే నాలుగు మ్యాక్‌లు రాశాను. షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోలేదు. హమ్మయ్య! ట్యాబ్‌లో యూట్యూబ్ తెరిచాను. హాయిగా ఆడుతోంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొన్నటిదానికి సరిగ్గా తిరగేసి. ఈసారి ఫోల్డర్ మూసుకుంది, నెట్ తెరుచుకుంది. ఈబీటేబుల్స్‌లో ఫార్వర్డ్ అంటే ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకి పోయే ఫ్రేమ్‌లు. రౌటర్ కోసమే వచ్చేవి (ఐపీ ఇవ్వమని అడిగేది, గేట్‌వే ద్వారా నెట్‌కి పోయేది) ఇన్‌పుట్ చెయిన్‌కి వెళ్తాయి. రెండిట్లోనూ రాయాలి. ఆ డబ్ల్యూడీఎస్ లింక్ ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చేవాటికి మాత్రమే రాయాలి, లేకపోతే ఇంట్లో వాళ్లని కూడా గెంటేస్తాం.

రాసి ఎంటర్ కొట్టాను. ల్యాప్‌టాప్ స్క్రీన్ ఫ్రీజ్. నేను షాపు రౌటర్ వైఫైలో ఉండి ఇంటి రౌటర్‌లోకి లాగిన్ అయ్యాను. నా ల్యాప్‌టాప్ లిస్టులో లేదు. నన్ను నేనే బయటికి తోసుకుని తాళం వేశాను. ఇది చదివి నవ్వుకునే వాళ్లంతా ఇలాంటి పని ఒక్కసారైనా చేసే ఉంటారు. ఇలాంటి రూల్స్ రాసేటప్పుడు కేబుల్‌తో నేరుగా ఆ రౌటర్‌కే తగిలించుకోండి.

టీసీపీడంప్‌తో మూడు చోట్ల నిలబడటం

ఈ దెబ్బతో ఊహించడం మానేశాను. ఒక ప్యాకెట్ ఎక్కడ పోతోందో తెలియాలంటే దాని దారిలో నిలబడి చూడాల్సిందే. టీసీపీడంప్‌లో మ్యాక్‌లు కూడా చూపించే ఆప్షన్ పెట్టి మూడు చోట్ల నడిపాను. ఒకటి షాపు రౌటర్ ల్యాన్ వైపు, రెండోది ఇంటి రౌటర్‌లో డబ్ల్యూడీఎస్ ఇంటర్‌ఫేస్ మీద, మూడోది ఇంటి రౌటర్ బ్రిడ్జ్ మీద.

ట్యాబ్ నుంచి రౌటర్‌ని పింగ్ చేస్తే మొదటి చోట 91 ఉంది, రెండో చోట ఉంది, మూడో చోట లేదు. అంటే ప్యాకెట్ ఇంటి గుమ్మం దాకా వచ్చి, ఈబీటేబుల్స్ దగ్గర ఆగింది. కావాల్సింది అదే. మొదటి రాత్రి ఇదే పని చేసి ఉంటే రెండో చోట 91 బదులు 62 కనిపించేది, గంటలో కథ తేలేది. ఏ ఫిల్టర్ అయినా దాని దగ్గరికి వచ్చేసరికి ఫ్రేమ్ మీద ఏ అడ్రస్ ఉందో దాన్నే చూస్తుంది. మనం డబ్బా వెనక స్టిక్కర్ చూసి రాసిన అడ్రస్, అక్కడికి వచ్చేసరికి అదే ఉందా, అసలు ఆ దారిలోనే వస్తోందా అన్నవి రెండూ చూసుకోవాలి.

మధ్యలో ఒక చిన్న ప్రమాదం. టెస్ట్ కోసం రెండు రౌటర్ల మధ్య కేబుల్ పెట్టి, తీయడం మర్చిపోయి డబ్ల్యూడీఎస్ ఆన్ చేశాను. రెండు దారులు, ఒక లూప్. బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు గిరగిరా తిరిగి రెండు రౌటర్ల లైట్లూ దీపావళి. ఇలాంటి లూప్‌లని కోసేయడానికే రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ రాసింది. అది నా రౌటర్లలో ఆఫ్‌లో ఉంది. ల్యాబ్‌లో ఐతే కేబుల్ పీకేస్తాం. షాపులో ఎవరో కుర్రాడు ఖాళీగా ఉన్న వైరు కదా అని తగిలిస్తే? స్పానింగ్ ట్రీ ఆన్ చేసి పెట్టాను.

మూడో రాత్రి: మావయ్య ఫోన్

ఇప్పుడు అన్నీ బాగున్నాయి, ఒక్క మావయ్య ఫోన్ తప్ప. "అబౌట్ ఫోన్"లో ఉన్న మ్యాక్ అక్షరం పొల్లుపోకుండా రాశాను. మూడుసార్లు సరిచూశాను. ఫోన్‌కి వైఫై సింబల్ వస్తోంది, నెట్ లేదు.

టీసీపీడంప్‌లో చూస్తే లిస్టులో లేని అడ్రస్ ఒకటి తలుపు కొడుతోంది. దాని మొదటి జత 02. అక్కడ దొరికింది. మ్యాక్ అడ్రస్ 48 బిట్లు, మామూలుగా మొదటి 24 కంపెనీని చెప్తాయి. మొదటి జతలో రెండో అంకె 2, 6, ఏ, ఈ లలో ఏదైనా అయితే, అది ఫ్యాక్టరీలో వేసిన అడ్రస్ కాదు, సాఫ్ట్‌వేర్ తయారుచేసుకున్నది. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగా ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తున్నాయి. మాల్‌లో, స్టేషన్‌లో మనల్ని ట్రాక్ చేయకుండా ఇది మంచిదే. నా ఫిల్టర్‌కి మాత్రం మంచిది కాదు.

ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై పేరు పక్కన గేర్ గుర్తు నొక్కి, ప్రైవసీలో "డివైస్ మ్యాక్ వాడు" అని మార్చాలి. ఐఫోన్‌లో అదే చోట "ప్రైవేట్ వైఫై అడ్రస్" ఆఫ్ చేయాలి. ఈ ఒక్క వైఫైకి మాత్రమే చేయండి, మిగతా అన్నిటికీ ఆన్‌లోనే ఉంచండి. ఫోన్ వెంటనే పనిచేసింది.

అదే రాత్రి పదిన్నరకి కరెంట్ పోయింది. ఎండాకాలం, మామూలే. పావుగంటకి వచ్చింది. రౌటర్లు లేచాయి. అలవాటుగా ట్యాబ్‌లో నెట్ చూశా. ఉంది! షేర్డ్ ఫోల్డర్ చూశా. అదీ ఉంది!

అరగంట జుట్టు పీక్కున్నాక అర్థమైంది, నేను రూల్స్ కమాండ్ లైన్‌లో రాశాను కానీ స్టార్టప్‌లో సేవ్ చేయలేదు. రీబూట్‌తో అన్నీ మాయం. ల్యాబ్‌లో అది మంచి అలవాటే, తప్పు రూల్ రాసి ఇరుక్కుంటే స్విచ్ ఆపి వేస్తే చాలు. కానీ షాపులో ఐతే? కరెంట్ పోయి వచ్చిన ప్రతిసారీ ఫిల్టర్ లేకుండా లేస్తుంది, ఎవరికీ తెలియదు. బిల్లింగ్ ఆగితే మావయ్య గంటలో ఫోన్ చేస్తాడు. ఫిల్టర్ పోతే ఎవరూ ఫోన్ చేయరు. ఆ రాత్రి కరెంట్ పోకపోతే ఈ తప్పుతోనే షాపులో పెట్టేవాణ్ణి. స్టార్టప్ స్క్రిప్ట్‌లో పెట్టి, ప్లగ్ పీకి పెట్టి ఆరుసార్లు చూశాను.

నాలుగో రాత్రి: దొంగ పాత్రలో నేను

చివరగా నా ఫిల్టర్‌ని నేనే దాటడానికి కూర్చున్నాను. ప్రింటర్ ఆపేసి, ల్యాప్‌టాప్ మ్యాక్‌ని ప్రింటర్ మ్యాక్‌గా మార్చాను. ఒక్క కమాండ్. లోపలికి వచ్చేశాను. పైగా ఆ మ్యాక్ తెలుసుకోవడానికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. వైఫైలో డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది కానీ, ఫ్రేమ్ మీద ఉండే అడ్రస్‌లు గాలిలో బాహాటంగానే పోతాయి. డబ్ల్యూపీఏ3 పెట్టినా అంతే.

ఇంకో టెస్ట్. ల్యాప్‌టాప్‌నీ, కెమెరా రికార్డర్‌నీ రెండిటినీ షాపు రౌటర్ ల్యాన్ పోర్టులకే కేబుల్‌తో పెట్టాను. ల్యాప్‌టాప్ రికార్డర్‌ని దర్జాగా తెరిచింది. షాపు రౌటర్‌లో టీసీపీడంప్ పెడితే ఆ వీడియో ప్యాకెట్ ఒక్కటి కూడా లేదు. రౌటర్ వెనక నాలుగు పోర్టులు ఒక స్విచ్ చిప్ మీద ఉంటాయి, వాటి మధ్య ట్రాఫిక్ ఆ చిప్‌లోనే తిరిగిపోతుంది, ప్రాసెసర్ దాకా రాదు. ప్రాసెసర్‌కి రానిదాన్ని ఏ సాఫ్ట్‌వేర్ ఫిల్టరూ ఆపలేదు.

కాబట్టి మావయ్యకి నిజం చెప్పాను. "ఇది తాళం కాదు మావయ్యా, హాజరు పట్టీ. కుర్రాళ్ల ఫోన్లు పొరపాటున ఇంట్లోకి రాకుండా ఆపుద్ది. కావాలని వచ్చేవాణ్ణి ఆపదు."

"మరి ఇన్ని రాత్రులు ఏం చేశావురా?"

చివరికి పెట్టింది ఇది. మెయిన్ వైఫై పాస్‌వర్డ్ మావయ్యకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. రికార్డర్ ఉన్న పోర్టుని వేరే వీల్యాన్‌లోకి తోసేశాను, దాన్ని చూడాలంటే ఫైర్‌వాల్ దాటాలి. కుర్రాళ్లకి, కస్టమర్లకి షాపు రౌటర్‌లోనే గెస్ట్ వైఫై. అది నాట్ ద్వారా పోతుంది, అంటే ఇంటి రౌటర్‌కి కస్టమర్లందరూ షాపు రౌటర్ అడ్రస్‌తోనే కనిపిస్తారు. మొదటి రాత్రి సమస్యే మళ్లీ, ఈసారి తెలిసి చేశాను. అందుకని గెస్ట్ వైపు నుంచి ఇంటి ఐపీలకి వెళ్లే దారిని షాపు రౌటర్ ఫైర్‌వాల్‌లోనే మూసేశాను. వీటన్నిటి పైన ఈబీటేబుల్స్ లిస్ట్. ఇంటి నుంచి షాపు రౌటర్‌ని మేనేజ్ చేయాలంటే దాని బ్రిడ్జ్ మ్యాక్‌ని కూడా కలపాలి, అది రేడియో మ్యాక్ కాదు, వేరే.

కేబుల్ చివరలు కొట్టడానికి క్రింపింగ్ టూల్ ఏలూరు నుంచి తెప్పించి, శుక్రవారం రాత్రి షాపు మూశాక బిగించాం. శనివారం పొద్దున్న నాలుగున్నర నుంచి నేను షాపులో స్టూల్ మీద కూర్చున్నా, ల్యాప్‌టాప్‌కి కేబుల్ తగిలించుకుని. మధ్యాహ్నం దాకా బిల్లులు ఆగలేదు. రెండుసార్లు కరెంట్ పోయింది, రెండుసార్లూ లిస్ట్ తిరిగి లేచింది. మావయ్య ఒక కాఫీ ఇప్పించాడు, పొగడ్త మాత్రం లేదు.

మంగళవారం సాయంత్రం ఫోన్. "ఒరేయ్, నెట్ రావట్లేదురా. నీ ఫిల్టర్ పోయినట్టుంది."

"షాపులో అందరికీనా?"

"లేదు, నా ఒక్కడికే. నిన్న కొత్త ఫోన్ కొన్నాను కదా."